మూలుగకు అందే కబురు

కీమోథెరపీ అయిన పదో రోజు. వాంతులు తగ్గాయి. నాలుగు ముద్దలు లోపలికి పోతున్నాయి. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి చాలామందికి అసలు గండం అప్పుడే! మందు ఎక్కించిన ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్యే రక్తంలో తెల్లకణాలు అడుగంటుతాయి.

కీమో మందుకు మంచి కణమేదో చెడ్డ కణమేదో తెలియదు. గబగబా విభజన చెందే ప్రతి కణాన్నీ దెబ్బతీస్తుంది. ఎముకల్లోని మూలుగ రేయింబవళ్లు చేసేది ఆ పనే. రోజుకు సుమారు పదివేల కోట్ల న్యూట్రోఫిల్స్‌ అక్కడే పుడతాయి. క్రిముల మీదికి ముందుగా దూకే తెల్లకణాలివి. రక్తంలో మైక్రోలీటరుకు కనీసం 1500 ఉండాల్సినవి 500 కన్నా తగ్గాయంటే, మన పేగుల్లో ఎప్పుడూ ఉండే క్రిములే ప్రాణం మీదికి తెస్తాయి.

అలా పడిపోకుండా వేసే సూదిమందే జీ-సీఎస్‌ఎఫ్‌. ఇది కొత్తగా పుట్టించిన రసాయనం కాదు. ఇన్‌ఫెక్షన్‌ సోకినప్పుడు ‘ఇంకా కణాలు కావాలి’ అని శరీరం మూలుగకు పంపే కబురు!

ఆ కబురు చేతికి చిక్కడానికి పాతికేళ్లు పట్టింది. 1965లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో రే బ్రాడ్లీ, డొనాల్డ్‌ మెట్‌కాఫ్‌ మూలుగ కణాలను అగర్‌ జెల్లీలో పెంచారు. వాటికి ఏదో ఒక పదార్థం తోడైతేనే గుంపులు కడుతున్నాయని గమనించారు. ఇజ్రాయెల్‌లో లియో శాక్స్‌, డొవ్‌ ప్లుజ్నిక్‌ కూడా ఆ రోజుల్లోనే విడిగా ఇదే చూశారు. కానీ ఆ పదార్థం శరీరంలో ఉండేది లవలేశం. శుద్ధి చేసి విడదీసేసరికి 1980లు వచ్చేశాయి. 1986లో మనిషిలోని జన్యువు దొరికాక దాన్ని ఈ-కోలై బ్యాక్టీరియాలో పెట్టి మందు తీయడం మొదలైంది. తెల్లకణాలు తగ్గినప్పుడు మనల్ని కాటేసే క్రిముల్లో ఆ ఈ-కోలై కూడా ఒకటి. దానితోనే చాకిరీ చేయించారన్నమాట! 1991లో అమెరికా ఈ మందును అనుమతించింది. 2001లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్‌ రెడ్డీస్‌ గ్రాఫీల్‌ పేరుతో మనదేశంలో తెచ్చింది.

కీమో ముగిశాక కనీసం 24 గంటలు ఆగి సూది మొదలుపెడతారు. తొందరపడితే అప్పుడే మేల్కొని విభజన చెందుతున్న కణాలు కీమో బారిన పడతాయి. కణాలు కోలుకునేదాకా రోజూ వేయించుకోవాలి. 2002లో అమెరికాలో అనుమతి పొందిన పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్‌ అయితే ఒక విడత కీమోకు ఒక్కసారి చాలు. అయితే ఇది అందరికీ అక్కర్లేదు. తెల్లకణాలు తగ్గి జ్వరం వచ్చే ముప్పు 20 శాతం మించే చికిత్సల్లోనే మొదటినుంచీ ఇస్తారు. నడుము, తుంటి ఎముకల్లో సలుపు రావొచ్చు. అరుదే అయినా ఎడమ డొక్కలో పైభాగాన తీవ్రంగా నొప్పి వస్తే ప్లీహానికి ముప్పేమో చూడాలి.

సూది వేయించుకున్నా జ్వరం రాదన్న పూచీ లేదు. తెల్లకణాలు లేనిచోట చీము పట్టదు, వాపు కనిపించదు. తెలిసేది ఒంటి వేడి ఒక్కటే. దాన్ని పారాసిటమాల్‌తో అణచిపెట్టి తెల్లారేదాకా చూద్దామనుకోవడమే పెద్ద పొరపాటు. థర్మామీటర్‌ 100.4 ఫారన్‌హీట్‌ చూపిందా... అర్ధరాత్రయినా ఆస్పత్రికే. కీమో ఎక్కించిన తేదీ, చివరి సూది తేదీ రాసిన చీటీ చేతిలో ఉంటే అక్కడి డాక్టర్‌కు యాంటీబయాటిక్‌ మొదలుపెట్టడానికి క్షణం పట్టదు.