పేడలోని భాస్వరం: చెరువుకు చేటు, చేనుకు బలం

పల్లెల్లో ఇంటి వెనుక పెంటకుప్పలో చేరిన పేడ వేసవిలో బండ్లకెక్కి, తొలకరికి ముందే చేనికి తరలేది. నగరంలోని పాడిశాలకు ఆ చేను దూరమైంది. పొద్దున్నే నీళ్లు కొట్టి పేడను కాలువలోకి నెట్టివేస్తే శాల శుభ్రమవుతుంది గాని, అందులోని భాస్వరం మాత్రం నశించదు.

పేడలోని నత్రజనిలో కొంత అమ్మోనియా వాయువై గాలిలో కలుస్తుంది. భాస్వరానికి ఆ దారి లేదు. అది నేలలోనో నీటిలోనో నిలిచి ఉంటుంది. చెరువును చేరితే నాచుకూ గుర్రపుడెక్కకూ ఆహారమవుతుంది. అవి కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చనిపోతాయి. బెంగళూరులోని బెళ్లందూరు చెరువును గుర్రపుడెక్క కమ్మివేయడానికి ప్రధాన కారణం మురుగునీటితో వచ్చిన ఇటువంటి పోషకాలే. పేడనీరు ఆ భారాన్ని మరింత పెంచుతుంది.

అదే భాస్వరం పైరుకు ప్రాణాధారం. వేరు ఊనడానికీ, గింజ కట్టడానికీ అది అవసరం; దానికి ప్రత్యామ్నాయం లేదు. రైతులు వాడే డీఏపీలో 46 శాతం ఫాస్ఫేటు ఉంటుంది. దాని తయారీకి కావలసిన ముడిఖనిజంలో అధికభాగాన్ని భారతదేశం దిగుమతి చేసుకుంటున్నది.

పశువుల మూత్రంలో కంటే పేడలోనే భాస్వరం ఎక్కువ. కనుక కడగడానికి ముందే పేడను పారతో ఎత్తివేయడం మొదటి మెట్టు. గోబర్ గ్యాస్ తీసినా భాస్వరం తరగదు. గ్యాస్ పోగా మిగిలిన మడ్డిలోనే ఉండిపోతుంది. పెద్ద కేంద్రాలలో ఆ మడ్డి నుండి వేరుచేసిన ద్రవానికి మెగ్నీషియం లవణం కలిపి, క్షారగుణం పెంచితే స్ట్రువైట్ అనే స్ఫటికాలు అడుగున చేరుతాయి. అవి మెల్లగా కరిగే ఎరువు. అయితే ఆవుపేడలో భాస్వరం చాలావరకు కాల్షియంతో ముడిపడి ఉంటుంది. దానిని ముందుగా ఆమ్లంతో విడదీయవలసి రావడం వల్ల ఖర్చు పెరుగుతుంది.

రెండు మూడు పశువులున్న ఇంటికి ఇంత యంత్రాంగం అక్కరలేదు. పేడను పొడిగా సేకరించి, వాననీరు తగలని చోట కంపోస్టు చేసి, తోటలకో రైతులకో అందిస్తే చాలును. పిడకలు కాల్చిన బూడిదలోనూ భాస్వరం మిగిలే ఉంటుంది. దానిని మొక్కల మొదళ్లలో కొద్దికొద్దిగా వేయవచ్చును. కాలువలో పడితే చెరువుకు చేటయ్యేదే, చేను చేరితే పంటకు బలమవుతుంది.