కొత్త పగడానికి వెలుగు అలవాటు చేయడం

పగడపు జీవి ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మ ఆల్గే కాపురం ఉంటుంది. వెలుతురుతో అది తయారుచేసే ఆహారంలో పెద్ద వాటా పగడానికే చేరుతుంది. చాలా జాతులకు కావలసిన శక్తిలో 90 శాతం దాకా ఈ దారినే వస్తుందని అంచనా. ఇంట్లో పగడాలు పెంచేవారు దీపాల మీద అంత డబ్బు పోసేది ఇందుకే. అయితే కొత్తగా తెచ్చిన పగడం ప్రాణం మీదికి తెచ్చేదీ తరచు ఆ దీపమే.

వాడుకోగలిగినదానికన్నా ఎక్కువ కాంతి పడితే ఆల్గేలో హానికరమైన ఆక్సిజన్ రూపాలు పుట్టి కణాలను దెబ్బతీస్తాయి. అప్పుడు పగడం ఆల్గేను బయటకు నెట్టేస్తుంది. రంగు పోయి, పారదర్శకమైన చర్మం కింద సున్నపు గూడు తెల్లగా కనిపిస్తుంది. వేడి తోడైతే తక్కువ కాంతికే ఈ గతి పడుతుంది. ఉదాహరణకు గుజరాత్‌లోని సూరత్‌లో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. నీటిని చల్లబరిచే చిల్లర్ లేని తొట్టిలో నీరు, ఉండాల్సిన 25–27 డిగ్రీల దగ్గర నిలవదు. అక్కడ కొత్త పగడాన్ని చలికాలంలో తెచ్చుకోవడమే తెలివి.

సూరత్ సముద్రానికి దగ్గరే కానీ పగడాల ఊరు కాదు. అక్కడి డుమస్ తీరం దగ్గర సముద్రం బురద రంగులో ఉంటుంది. వెలుగు లోతుకు దిగదు. గుజరాత్ పగడపు దిబ్బలు ప్రధానంగా కచ్ సింధుశాఖలో, జామ్‌నగర్ వైపు ఉన్నాయి. అక్కడ 1982లో మెరైన్ నేషనల్ పార్కు ఏర్పడింది. అక్కడినుంచి ముక్క విరిచి తెచ్చుకోవడం నేరం. గట్టి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్ రక్షణ ఉంది. కాబట్టి తొట్టికి చేరాల్సింది సరైన కాగితాలతో విదేశాల నుంచి వచ్చిన, ఫారాల్లో పెంచిన ముక్కలే. ఆ ప్రయాణమంతా అవి సంచిలో, చీకట్లో గడుపుతాయి.

తక్కువ వెలుగులో ఉన్న ఆల్గే పత్రహరితాన్ని పెంచుకుని ఉంటుంది, దొరికిన కాస్త కాంతినీ వదలకుండా పట్టడానికి. దాన్ని ఉన్నట్టుండి పెద్ద దీపం కింద పెడితే ఆ సామర్థ్యమే శత్రువవుతుంది. పత్రహరితం తగ్గి, కాంతిని అడ్డుకునే రంగు పదార్థాలు పెరగడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ గడువును తగ్గించే మందేదీ లేదు.

మొక్కలకూ ఆల్గేకూ పనికొచ్చే కాంతిని ‘పార్’ అనే కొలతలో చెబుతారు. నడిమధ్యాహ్నపు ఎండలో అది 2,000 దాకా ఉంటుంది. మెత్తని పగడాలకు 50–150 చాలు. కొమ్మల అక్రోపోరాకు 200–350 కావాలి. కంటిని నమ్మితే మోసపోతాం. రీఫ్ దీపాల నీలి కాంతి మనకు మసకగా తోస్తుంది, పగడానికి మాత్రం ఘాటుగా తగులుతుంది. ఫోన్‌లోని లక్స్ యాప్‌ కూడా నీలాన్ని తక్కువగానే లెక్కిస్తుంది. పార్ మీటరు అరువు దొరికితే కొలవడానికి ఒక్క పూట చాలు.

తొట్టి కొత్తదైతే దీపాన్ని సగానికి తగ్గించి, మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచవచ్చు. పాత పగడాలున్న తొట్టిలో అలా చేస్తే ఒక్క అతిథి కోసం ఇంటిల్లిపాదినీ పస్తు పెట్టినట్టే. అక్కడ కొత్త ముక్కను అడుగున ఇసుక మీద ఉంచి, వారానికి కాస్త చొప్పున పైకి జరపాలి. లేదా దాని పైభాగంలో మాత్రమే, నీటికి పైన, నెట్ గుడ్డ నాలుగు పొరలు పరచి వారానికొకటి తీసేయాలి. చీరల ఊరు సూరత్‌లో నెట్ గుడ్డకు కరువు లేదు. జరీ ఉన్న ముక్క మాత్రం వద్దు: నకిలీ జరీలో రాగి తీగ ఉంటుంది, ఉప్పునీటి తుంపరకు కరిగిన రాగి పగడానికి విషం.

దీపానికి ఎదురుగా ఉన్న పైభాగం పాలిపోతుంటే కాంతి ఎక్కువైనట్టు. వెంటనే ఒక పొర తిరిగి వేయాలి. గోధుమ రంగుకు తిరగడం సాధారణంగా జబ్బు కాదు, తరచు వెలుగు చాలక ఆల్గే పెరిగిన గుర్తు. ముక్క అడుగు నుంచి చర్మం ఊడి గూడు బయటపడితే మాత్రం తప్పు సాధారణంగా దీపానిది కాదు, నీటిని పరీక్షించాలి.