ప్రార్థనలో పుట్టిన నాటకం

నాటకం అనగానే మీకు రంగులు, కిరీటాలు, పెట్టుడు మీసాలు జ్ఞాపకం వస్తాయి కదూ? ఇవేవీ లేకుండా, ప్రార్థన మధ్యలోనే జరిగిన ఒక చిన్న నాటకం గురించి తెలుసుకుందాం.

ఇది వెయ్యేళ్ళ నాటి మాట. ఇంగ్లండులో వించెస్టర్ అనే పట్నం ఉన్నది. క్రీ. శ. 970 ప్రాంతాన అక్కడి బిషప్పు ఎథెల్‌వోల్డ్, మఠాలలోని సన్యాసులు ఏడాది పొడుగునా ప్రార్థనలు ఎలా జరపాలో చెప్పే నియమావళి ఒకటి సిద్ధం చేశాడు. ఈస్టరు పండుగనాడు ఏం చేయాలో అందులో వివరంగా ఉన్నది.

ఏసును సమాధి చేసిన మూడవ నాడు కొందరు స్త్రీలు సుగంధద్రవ్యాలతో అక్కడికి వెళ్ళారనీ, ఆయన లేచాడని దేవదూత వారికి చెప్పాడనీ బైబిలు చెబుతుంది. ఈ కథనే నలుగురు సన్యాసులు నడిపేవారు.

ముందుగా శుక్రవారం నాడు ఒక శిలువను బట్టలో చుట్టి, బలిపీఠం పక్కన తెర కట్టి సమాధిలా అమర్చిన చోట ఉంచేవారు. ఈస్టరునాడు ప్రార్థనకు గంట కొట్టకముందే ఆ శిలువను తీసేసేవారు.

ఇక చూడండి! ప్రార్థనలో మూడవ పాఠం చదువుతుండగా, తెల్లని అంగీ తొడుక్కున్న సన్యాసి ఒకడు, వేరే పని మీద వచ్చినవాడిలాగా చప్పుడు చేయకుండా వెళ్ళి, చేత మట్ట పట్టుకుని సమాధి వద్ద కూర్చుంటాడు. అతడే దేవదూత. తరవాత ముగ్గురు సన్యాసులు ధూపపాత్రలు పట్టుకుని, ఏదో వెతుకుతున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వస్తారు. వాళ్ళే ఆ స్త్రీలు.

ఎవరి కోసం వచ్చారని దూత మృదువుగా పాడుతూ అడుగుతాడు. ఏసు కోసమని ముగ్గురూ ఒక్క గొంతుతో పాడతారు. ఆయన లేచాడని చెప్పి దూత తెర ఎత్తుతాడు. లోపల శిలువ లేదు. చుట్టిన బట్ట మాత్రం ఉన్నది! వారు ఆ బట్టను అందరికీ చూపి, బలిపీఠం మీద పెడతారు. వెంటనే స్తోత్రం మొదలవుతుంది. గంటలన్నీ కలిసి మోగుతాయి.

మరి ఇది నాటకమా, ప్రార్థనా? వేషం ఉన్నది, సంభాషణ ఉన్నది, నటన కూడా ఉన్నది. అయినా ఇది ప్రార్థనలో ఒక భాగమే. శిలువను సమాధిలో ఉంచటం ఎందుకో నియమావళే చెబుతుంది: చదువురాని వారికీ, కొత్తగా మతంలో చేరినవారికీ విశ్వాసం బలపడటానికట! చెవితో విన్నదాన్ని కంటితో కూడా చూస్తే మనసులో నాటుకుంటుంది గదా.

తరవాతి కాలంలో వీధి నాటకాలూ వచ్చాయి. యార్క్ నగరంలో 1569 దాకా వృత్తిపనివాళ్ళు బండ్ల మీద బైబిలు కథలు ఆడేవారు. నోవహు ఓడ కట్టే ఘట్టం ఎవరిదో తెలుసా? ఓడలు కట్టేవారిదే! వీధి నాటకాలు వచ్చాయని చర్చిలోవి ఆగిపోలేదు. రెండూ చాలాకాలం పక్కపక్కనే సాగాయి.

కాని ఒక్క తేడా గమనించండి. వీధిలో జనం నిలబడి నాటకం చూశారు. వించెస్టరులో మాత్రం ఆడినవారూ, చూసినవారూ కలిసి ప్రార్థన చేశారు.