ఇంకిన మురుగునీరు ఎచ్చటికి పోవును?

పెరటిలో ఒక సెప్టిక్ ట్యాంకు, దానికి కొంత దూరమున ఒక మంచినీటి బావి ఉండుట మనమెరిగిన దృశ్యమే. ట్యాంకులోని నీరు ఏమగునని తరగతిలో అడిగినచో, "భూమిలో ఇంకిపోవును" అని విద్యార్థులు చెప్పుదురు. అది నిజమే. కాని ఇంకిన నీరు పిమ్మట ఎచ్చటికి పోవును? ఈ ప్రశ్నను పరిష్కరించుకొనుటకు ఒక ఊరికి ముప్పది సంవత్సరములకు పైగా పట్టినది.

ఆ ఊరు అమెరికాలో కాలిఫోర్నియా తీరమున, మోరో అఖాతపు ఒడ్డున ఉన్న లాస్ ఓసోస్. జనసంఖ్య సుమారు 14,000. ఊరు ఇసుకనేలపై వెలసినది. త్రాగునీటికి భూగర్భజలమే ఆధారము. ఇండ్లు దగ్గరదగ్గరగా పెరిగినవి. వాని మురుగంతయు సెప్టిక్ ట్యాంకులలోనికే పోవుచుండెను.

సెప్టిక్ ట్యాంకు చేయు పని కొంతయే. బరువైన మలినములు అడుగున పేరుకొనును. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మజీవులు వానిని కుళ్లబెట్టును. పైకి తేరిన నీరు నేలలోనికి పోవును. ఇసుక ఆ నీటిని వడగట్టి, చాలవరకు సూక్ష్మజీవులను ఆపగలదు. కాని ఆ నీటిలో అమ్మోనియా రూపమున నత్రజని మిగిలియుండును. గాలి ఆడు ఇసుకలో మరియొక జాతి సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. నైట్రేటు నీటిలో సులభముగా కరగును. మట్టిరేణువులు దానిని పట్టియుంచజాలవు. కనుక అది నీటితోపాటు దిగి భూగర్భజలమును చేరును.

నైట్రేటునకు రంగు లేదు, వాసన లేదు. నీటిని కాచినను పోదు. పైగా నీరు ఆవిరియైన కొలది దాని గాఢత హెచ్చును. ఇట్టి నీటితో కలిపిన పాలు త్రాగు పసిబిడ్డల రక్తము ప్రాణవాయువును మోయు శక్తిని కోల్పోయి, శరీరము నీలివర్ణము దాల్చు ప్రమాదము కలదు. అందుచేతనే మన దేశమున త్రాగునీటిలో లీటరునకు 45 మిల్లీగ్రాముల నైట్రేటును హద్దుగా నిర్ణయించిరి.

లాస్ ఓసోస్ నీటిలో నైట్రేటు హెచ్చుచుండుటచే, 1983లో అచ్చటి ప్రాంతీయ జలనాణ్యతా మండలి సెప్టిక్ ట్యాంకులను నిషేధించుటకు తీర్మానించినది. 1988లో నిషేధము అమలునకు వచ్చి, క్రొత్త ఇండ్ల నిర్మాణము నిలిచిపోయినది.

మురుగును గొట్టముల ద్వారా తరలించి సముద్రమున కలిపిన చాలదా యని తోచవచ్చును. చిక్కు ఇచ్చటనే ఉన్నది. ట్యాంకులనుండి ఇంకు నీరు మలినమైనదే యైనను, బావులనుండి తోడిన నీటిలో కొంత భాగమును తిరిగి భూమికి చేర్చుచుండెను. ఆ రాక ఆగినచో సముద్రపు నీరు లోనికి చొచ్చును. మంచినీటి సాంద్రత 1.000 అయినచో సముద్రపు నీటిది సుమారు 1.025. తేడా నలుబదవ వంతు. కనుక సముద్రమట్టమునకు పైన 1 అడుగు ఎత్తున నిలిచిన మంచినీరు, దిగువ సుమారు 40 అడుగుల లోతువరకు ఉప్పునీటిని అడ్డగింపగలదు. పై మట్టము ఒక్క అడుగు తగ్గినచో, కాలక్రమమున ఉప్పునీటి హద్దు 40 అడుగులు పైకి వచ్చును. లాస్ ఓసోస్‌లో లోతైన పొరలోనికి ఉప్పునీరు అప్పటికే చొరబడుచుండెను. కావున మురుగును తీసికొనిపోవుటయే గాక, శుద్ధిచేసిన నీటిని తిరిగి తెచ్చి భూమికి ఇయ్యవలసియుండెను.

ఈ సంగతి తెలిసినను పని సులభముగా సాగలేదు. శుద్ధికేంద్రము ఎచ్చట కట్టవలెను? ఖర్చు ఎవరు భరింపవలెను? ఊరి నడుమ పని మొదలుకాగా, 2005లో ప్రజలు ఓటు వేసి స్థానిక బోర్డు సభ్యులలో ముగ్గురిని తొలగించిరి. క్రొత్త బోర్డు పనిని ఆపినది. 2006లో ఆ స్థానిక సంస్థ దివాలా తీసినది. ఆ సంవత్సరమే రాష్ట్రము చట్టముచేసి ఈ భారమును జిల్లా వంటి 'కౌంటీ' పాలకులకు అప్పగించినది. 2012లో నిర్మాణము మొదలై, 2016లో ఊరి వెలుపల కేంద్రము పనిచేయసాగినది.

అచ్చట జరుగు శుద్ధియందు ప్రకృతి పద్ధతియే కలదు. మురుగునకు గాలి తగులునప్పుడు సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. గాలి తగ్గించినప్పుడు వేరు సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకొని, నత్రజనిని వాయువుగా విడిచిపెట్టును. అది వాతావరణమున కలిసిపోవును. పిమ్మట నీటిని తేర్చి, వడపోసి, అతినీలలోహిత కిరణములతో రోగక్రిములను నశింపజేయుదురు. ఈ నీటిని త్రాగుటకు పంపరు. కొంత మొక్కలకు పెట్టి, కొంత ఇసుకనేలలో ఇంకింతురు.

ఉపాధ్యాయులు తమ ఊరి పటమును విద్యార్థులచే గీయించి, బావులను, ట్యాంకులను గుర్తింపజేయవచ్చును. నేల ఇసుకయా, బంకమన్నా? నీరు ఎంత లోతున ఉన్నది? వాలు ఎటువైపు? నీటిలో నైట్రేటు ఎంత? ఇవి తెలిసిననాడు, పెరటిలో ఇంకిన నీరు ఎవరి బావిని చేరుచున్నదో వారే చెప్పగలరు.