తాండూరు ప్రాంతంలో వరద ముప్పు: భూయజమాని జాగ్రత్తలు, స్థానిక నిబంధనలు

వికారాబాద్ సమీపంలోని అనంతగిరి కొండలు రెండు నదులకు పుట్టినిల్లు. తూర్పు వైపు వాలిన నీరు మూసీ నదిగా హైదరాబాద్ మీదుగా సాగి కృష్ణలో కలుస్తుంది. పడమటి వైపు వాలిన నీరు కాగ్నా నదిగా తాండూరు పక్కనుంచి కర్ణాటకలో ప్రవేశించి, భీమా నదిని చేరి, చివరకు కృష్ణలోనే కలుస్తుంది. 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద హైదరాబాద్‌లో వేలాది ప్రాణాలను బలిగొన్నది. ఆ విపత్తు ఫలితంగానే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాల నిర్మాణం జరిగింది. అయితే నదికి పెద్ద జలాశయాలు ఎంత అవసరమో, వాటిలోకి చేరే వాగులు, వంకలు, కుంటల మీద ఉన్న పొలాలు, ఇళ్ల యజమానుల జాగ్రత్త కూడా అంతే అవసరం. తాండూరు ప్రాంతంలో ఈ జాగ్రత్తలు ఎలా ఉండాలో, వాటికి సంబంధించిన నిబంధనలు ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

నేల స్వభావం

తాండూరు పరిసరాల్లో నల్లరేగడి నేల కింద పొరలు పొరలుగా సున్నపురాయి ఉంటుంది. తాండూరు బండలుగా పేరొందిన నాపరాళ్లు ఈ పొరల నుంచే లభిస్తాయి. వేసవిలో నల్లరేగడి లోతుగా నెర్రెలు బారుతుంది. తొలకరి వానలు ఆ నెర్రెల ద్వారా త్వరగా ఇంకుతాయి. నేల తడిసి ఉబ్బిన తరువాత నెర్రెలు మూసుకుపోయి, నీరు ఇంకే వేగం బాగా తగ్గిపోతుంది. కాబట్టి జూన్‌లో హాని చేయని వాన సెప్టెంబరులో వరదగా మారవచ్చు.

నీటి పరిమాణాన్ని లెక్కించి చూస్తే సమస్య తీవ్రత అర్థమవుతుంది. ఒక ఎకరం మీద 100 మిల్లీమీటర్ల వాన కురిస్తే సుమారు 4 లక్షల లీటర్ల నీరు చేరుతుంది. నేల అప్పటికే తడిసి ఉంటే అందులో అధిక భాగం పల్లానికి ప్రవహిస్తుంది. దారిలో వాగును పూడ్చినా, ఇరుకు చేసినా ఆ నీరు ఆగదు. పక్క పొలంలోకో, దిగువన ఉన్న ఇంటిలోకో మళ్లుతుంది.

ఎంత దూరం వదలాలి?

2012 ఏప్రిల్ 7న జారీ అయిన 168వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వులోని భవన నిర్మాణ నిబంధనలు జలవనరుల పక్కన వదలవలసిన దూరాన్ని నిర్దేశించాయి. నది గర్భంలోనూ, వాగు గర్భంలోనూ, చెరువు లేదా కుంట పూర్తి నీటిమట్టం పరిధిలోనూ, శిఖం భూముల్లోనూ నిర్మాణం నిషిద్ధం. వాటి వెలుపల వదలవలసిన దూరాలు ఇవి:

• నది హద్దు నుంచి పురపాలక పరిధిలో 50 మీటర్లు, పరిధి వెలుపల 100 మీటర్లు.
• 10 హెక్టార్లు లేదా అంతకు మించిన చెరువు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు.
• 10 హెక్టార్లకు తక్కువైన చెరువు లేదా కుంట నుంచి 9 మీటర్లు.
• 10 మీటర్ల కంటే వెడల్పైన వాగు, నాలా, కాలువ హద్దు నుంచి 9 మీటర్లు.
• 10 మీటర్ల లోపు వెడల్పు గల వాటి నుంచి 2 మీటర్లు.

చెరువు విషయంలో ఈ దూరాన్ని వేసవిలో కనిపించే నీటి అంచు నుంచి కొలవరాదు. చెరువు నిండి మత్తడి దుంకే సమయంలో నీరు విస్తరించే హద్దు నుంచి కొలవాలి. నది హద్దును నీటిపారుదల, రెవెన్యూ శాఖలు ధ్రువీకరించాలి. స్థలం కొనే ముందే గ్రామ నక్షలో వాగు, కుంట ఎక్కడ ఉన్నాయో చూసుకోవాలి. నేల మీద వాగు పూడిపోయి కనిపించకపోయినా, నక్షలో ఉంటే అది వాగే. ఎండాకాలంలో చదునుగా కనిపించే స్థలాన్ని వానాకాలంలో మరొకసారి చూడడం, గత వరద ఎంతవరకు వచ్చిందో ఇరుగుపొరుగు పెద్దలను అడిగి తెలుసుకోవడం మంచిది.

అనుమతి, స్వీయ ధ్రువీకరణ

వ్యవసాయ భూమిలో ఇల్లు లేదా షెడ్డు కట్టదలచినవారు 2006 నాటి చట్టం ప్రకారం ఆ భూమిని వ్యవసాయేతర వినియోగానికి మార్చుకోవాలి. ఈ మార్పిడి భవన నిర్మాణ అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. నిర్మాణానికి పురపాలక సంఘం లేదా గ్రామ పంచాయతీ పరిధిని బట్టి వేరుగా అనుమతి పొందాలి.

2020 నాటి టీఎస్ బీపాస్ చట్టం చిన్న స్థలాలకు స్వీయ ధ్రువీకరణ పద్ధతిని ప్రవేశపెట్టింది. దీనివల్ల జాప్యం తగ్గింది. అదే సమయంలో బాధ్యత యజమాని మీదకు వచ్చింది. నాలా హద్దును దాచి తప్పుడు వివరాలు ఇచ్చినట్లు తేలితే, ముందస్తు నోటీసు లేకుండానే నిర్మాణాన్ని తొలగించే అధికారం స్థానిక సంస్థకు ఉంది. అప్పు చేసి కట్టిన ఇంటికి ఇది వరదతో సమానమైన నష్టం.

నిబంధనల్లోని దూరం కనీస హద్దు మాత్రమే. 2 మీటర్లు వదిలినంత మాత్రాన నీరు ఇంటిలోకి రాదని భరోసా లేదు. వాగు మలుపు తిరిగే చోట, కల్వర్టుకు ఎగువన, రెండు వంకలు కలిసే చోట మరింత దూరం వదలడం శ్రేయస్కరం.

ఇంటి స్థలంలో జాగ్రత్తలు

పునాది మట్టాన్ని రోడ్డును బట్టి కాక, తెలిసిన గరిష్ఠ వరద మట్టాన్ని బట్టి నిర్ణయించాలి. స్థలమంతా మట్టి పోసి ఎత్తు చేస్తే నీరు పొరుగువారి మీదకు పోతుంది. ఇంటి వరకు పునాది ఎత్తు పెంచి, మిగిలిన స్థలంలో నీటి దారిని వదలడం మేలు. ప్రహరీ గోడ కింద నీరు పోయే రంధ్రాలు ఉండాలి. స్విచ్ బోర్డులు, మోటారు స్టార్టరు, విత్తనాలు, ఎరువుల బస్తాలు ఎత్తైన చోట ఉంచాలి. బోరు కేసింగు నేలమట్టం కంటే ఎత్తుగా ఉండి, మూతతో భద్రంగా ఉంటే వరద నీరు అందులోకి చేరదు.

ఇంకుడు గుంత మంచిదే గాని దాని పరిమితి తెలుసుకోవాలి. 100 చదరపు మీటర్ల పైకప్పు మీద 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 5,000 లీటర్ల నీరు వస్తుంది. పొడవు, వెడల్పు, లోతు ఒకటిన్నర మీటర్లు చొప్పున తవ్వి రాళ్లు నింపిన గుంతలో, ఖాళీలు 40 శాతం అనుకుంటే, ఒకసారికి నిలిచేది సుమారు 1,350 లీటర్లే. కాబట్టి పొంగిన నీరు కాలువలోకి పోయే మార్గం తప్పనిసరి. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది గనుక గుంత పునాదికి దూరంగా ఉండాలి.

పొలంలో జాగ్రత్తలు

2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది నీటి నిల్వను తట్టుకోలేదు. వేళ్లకు గాలి అందక మొక్కలు వడలిపోతాయి. ఫైటోఫ్తొరా ఎండు తెగులు కూడా నీరు నిలిచిన పొలంలోనే ఉద్ధృతమవుతుంది. బోదెలు, కాలువల పద్ధతిలో విత్తడం దీనికి నివారణ. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నల్లరేగడి నేలలకు రూపొందించిన వెడల్పాటి బోదెల పద్ధతిలో బోదె, కాలువ కలిపి సుమారు 150 సెంటీమీటర్లు ఉంటాయి. అధికంగా పడిన నీరు కాలువల ద్వారా నెమ్మదిగా బయటకు పోతుంది. బోదె మీద తేమ నిలుస్తుంది.

ఆ నీరు వదిలే చోట గడ్డి పెంచితే గట్టు కోసుకుపోదు. పొలంలోని నీరు పక్క రైతు చేనులో కాక సహజమైన వంకలోనే కలిసేలా చూడాలి. గట్టు పక్కనున్న వంకను దున్ని కలుపుకొంటే లభించే కొద్ది గుంటల నేల కంటే, ఒక్క వరదకు కొట్టుకుపోయే మట్టి విలువ ఎక్కువ.

బండల వ్యర్థాలు

నాపరాయి గనుల నుంచి వచ్చే ముక్కలు, పాలిషింగ్ యూనిట్ల నుంచి వచ్చే రాతి బురద వాగుల్లో చేరితే ప్రవాహ మార్గం ఇరుకవుతుంది. బురద ఆరిన తరువాత గట్టిపడి కాలువలను, కల్వర్టులను మూసివేస్తుంది. యూనిట్ ఆవరణలోనే బురద పేరుకునే తొట్లు కట్టి, వానాకాలానికి ముందు ఖాళీ చేయించాలి. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) జలవనరుల రక్షణను, వాన నీటి సంరక్షణను నిర్దేశిస్తున్నది.

వాగు ఏ ఒక్క యజమాని హద్దులోనూ మొదలై అక్కడే ముగియదు. అందువల్ల మే నెలలో ఒకే వాగు మీద ఉన్న రైతులు, ఇళ్ల యజమానులు కలిసి దాని పొడవునా నడిచి, పూడికను, ఆక్రమణను గుర్తించి, పంచాయతీకి గాని, పురపాలక సంఘానికి గాని రాతపూర్వకంగా తెలియజేయడం అన్నిటికంటే తక్కువ ఖర్చుతో కూడిన రక్షణ చర్య.