ఎండలో కనిపించని అంకెలు

మిట్టమధ్యాహ్నం రాయదుర్గం వీధిలో నిలబడి సెల్‌ఫోనులో అంకెలు చదవబోయారా ఎప్పుడైనా? అంకెలకు బదులు మీ ముఖం, దాని వెనుక ఆకాశం, ఇంకాస్త వంచితే కోటకొండ కూడా తెరమీద కనిపిస్తాయి. అప్పుడు మీరేం చేస్తారు? అరచేయి అడ్డం పెడతారు, లేదా వేపచెట్టు నీడకు పోతారు.

ఫోను సంగతి సరే. 2021 నుండి 2025 మే నెల వరకు మన రాష్ట్రంలో రేషను బియ్యం బండిమీద వీధిలోకి వచ్చేది. కార్డుదారు బండి దగ్గరే నిలబడి యంత్రం మీద వేలిముద్ర వేయాలి. అలాంటి చోట ఎన్ని కిలోలు నమోదైనవో తెరమీద కనిపించకపోతే, లెక్క సరిచూసుకోకుండానే అవ్వ వేలు పెట్టవలసివస్తుంది. ఎండలో వాడే తెరను ఎండలో చదవగలిగేలా చేయడం ఎలా? దీనికి యంత్రాలు తయారుచేసేవారికి తెలిసిన ఉపాయాలలో ఒకటి ఆప్టికల్ బాండింగ్. ఖర్చుతో కూడిన పని అది. ఎప్పుడు ఆ ఖర్చు పెట్టాలో, ఎప్పుడు అక్కరలేదో తేల్చడానికి మీ పదో తరగతి భౌతికశాస్త్రం చాలు.

ముందుగా ఒక ప్రయోగం. పటాలు కట్టే దుకాణంలో అరచేతి వెడల్పు గాజుపలకలు రెండు అడిగి తెచ్చుకోండి. అంచులకు టేపు అంటించండి, లేకపోతే వేళ్లు తెగుతాయి. నల్లగుడ్డ మీద ఒకదానిపై ఒకటి పెట్టి, ట్యూబులైటు ప్రతిబింబం పడేలా చూడండి. గుడ్డ నలుపు కాస్త వెలిసినట్లు కనిపిస్తుంది. ఇప్పుడు పై పలక ఎత్తి, కింది పలక నడుమ నాలుగు చుక్కల వేరుశెనగ నూనె, అదే మన చెనిక్కాయల నూనె, వేసి మళ్లీ మూసి అదమండి. నూనె పరచుకున్నంత మేర గుడ్డ నల్లగా, స్పష్టంగా కనిపిస్తుంది. నూనె లేని చోట మునుపటిలాగే ఉంటుంది.

కారణం ఏమిటి? కాంతి ఒక యానకం నుండి మరొక యానకంలోకి పోయే ప్రతి హద్దు దగ్గర కొంత వెనక్కు మళ్లుతుంది. ఎంత మళ్లుతుందో 1820లలో ఫ్రాన్సు దేశపు ఫ్రెనెల్ లెక్కగట్టాడు. కాంతి నిటారుగా పడినపుడు ఆ లెక్క చాలా సులువు. రెండు యానకాల వక్రీభవన గుణకాల తేడాను వాటి మొత్తంతో భాగించి, వర్గం చేయాలి. గాలికి 1, గాజుకు సుమారు 1.5. తేడా 0.5, మొత్తం 2.5, భాగిస్తే 0.2, వర్గం 0.04. అంటే నూటికి 4 పాళ్లు. మరి వేరుశెనగ నూనె గుణకం సుమారు 1.47, గాజు 1.52 అనుకుని మీరే లెక్క వేయండి. పదివేలకు 3 పాళ్లు మించదు! గాజుకూ నూనెకూ మధ్య హద్దు ఉందన్న సంగతే కాంతికి దాదాపు తెలియదన్నమాట.

టచ్ స్క్రీనులో జరిగేదీ ఇదే. బొమ్మ చూపే పలక కింద ఉంటుంది, మనం తాకే గాజు పైన. చౌక రకాల్లో రెంటి నడుమ సన్నని గాలిపొర ఉంటుంది. గాజు పైముఖం, అడుగుముఖం, కింది పలక ముఖం, మొత్తం మూడు హద్దులు. స్థూలంగా నూటికి 12 పాళ్ల బయటి వెలుతురు తిరిగి మన కంట్లో పడుతుంది. ఆ గాలిపొర స్థానంలో గాజులాంటి గుణకం గల పారదర్శకమైన జిగురు నింపడమే ఆప్టికల్ బాండింగ్. అప్పుడు మిగిలేది పైముఖపు 4 పాళ్లు. వాటిని ఈ జిగురు ఏమీ చేయలేదు. వాటికోసం పైన వేరే పూత పూయాలి.

ఇక అసలు లెక్కకు వద్దాం. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు. ఒక నిట్ అంటే చదరపు మీటరుకు ఒక క్యాండెలా. తెరలో ప్రతిబింబించే ఆకాశం 5000 నిట్లు, తెర సొంత వెలుగు 500 నిట్లు అనుకుందాం. గాలిపొర ఉంటే ప్రతిబింబం 600 నిట్లు. తెల్లని చోట 1100, నల్లని చోట 600. నిష్పత్తి 2 కూడా లేదు. జిగురు నింపితే ప్రతిబింబం 200. 700కు 200, అంటే మూడున్నర. కళ్లు చిట్లించకుండా చదవవచ్చు. గాలిపొర ఉంచుకొనే ఈ మూడున్నర రావాలంటే తెర వెలుగు 1500 నిట్లు కావాలి. ఆ వెలుగుకు కరెంటు మూడింతలు, వేడీ ఆ మేరకే. బ్యాటరీతో వీధిలో తిరిగే యంత్రానికి అంత కరెంటు ఎక్కడిది? అక్కడ బాండింగుకు పెట్టిన ఖర్చు వృథా కాదు.

అదే తెరను గదిలో పెట్టండి. ఎదుటి గోడ 100 నిట్లు, తెర 300 నిట్లు అనుకుంటే గాలిపొరతో నిష్పత్తి 26, జిగురుతో 76. అచ్చు పుస్తకంలో తెల్లకాగితానికీ నల్లసిరాకూ ఉండేదే సుమారు 20. ఇరవయ్యారుతో హాయిగా చదువుకోగలిగినపుడు డెబ్బయ్యారు దేనికి? 2020లో మన రాష్ట్రంలో రైతు భరోసా కేంద్రాలు తెరిచినపుడు (ఇప్పుడవి రైతు సేవా కేంద్రాలు) విత్తనాలు, ఎరువులు కోరుకొనేందుకు టచ్ స్క్రీను కియోస్కులు పెట్టారు. అలాంటిదాన్ని కిటికీకి ఎదురుగా కాక పక్క గోడకు నిలిపితే చాలు. కిటికీకి పరదా కడితే మరీ మంచిది. నన్నడిగితే పరదాకు అయ్యే ఖర్చు చూడకుండా జిగురు మాట ఎత్తకూడదు.

అయితే మన వైపు ఎండతోపాటు దుమ్ము లెక్క కూడా ఉంది. బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు దగ్గర వేదవతి ఒడ్డున ఇసుకదిబ్బలు మీలో కొందరు చూసే ఉంటారు. గాలిపొర ఉన్న యంత్రం ఊపిరి పీలుస్తుందంటే నమ్ముతారా? పగలు వేడెక్కిన లోపలి గాలి వ్యాకోచించి సందుల గుండా బయటికి పోతుంది. రాత్రి చల్లబడినపుడు బయటి గాలి లోపలికి వస్తుంది, దానితో సన్నని ధూళీ, తేమా వస్తాయి. గాజు అడుగున చేరిన ధూళిని ఏ గుడ్డతో తుడుస్తాం? జిగురు నిండిన చోట అది చేరే ఖాళీయే లేదు. కాబట్టి నీడలో ఉన్నా సరే, దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేయవలసిన యంత్రానికి బాండింగు గురించి ఆలోచించవచ్చు.

మీ ఇంట్లో ఉన్న ట్యాబు ఏ రకమో తెలుసుకోవాలా? మొద్దు పెన్సిలు మొనను తెరమీది బొమ్మపై ఆనించి పక్కనుంచి చూడండి. మొనకూ బొమ్మకూ నడుమ లోతు కనిపిస్తే గాలిపొర ఉండవచ్చు. బొమ్మ గాజుమీదే అచ్చువేసినట్లుంటే జిగురు నిండినది. ఇప్పటి మంచి ఫోన్లు దాదాపు అన్నీ రెండో రకమే.

ఆ రెండో రకానికి ఒక చిక్కు ఉంది. మీ ప్రయోగం ముగిశాక నూనె పలకలను పైకి లాగి విడదీయబోయి చూడండి, రావు. పక్కకు జరపాలి. నూనెకే ఇంత పట్టు ఉంటే గట్టిపడిన జిగురు సంగతి చెప్పాలా? పైగాజు ఒక్కటే పగిలినా తెరను వేడిచేసి, సన్నని తీగ దూర్చి కోయాలి. ఆ పరికరాలు లేని ఊళ్లో మొత్తం తెరనే మార్చుతారు. గాలిపొర రకంలోనైతే చాలావాటికి పైగాజు మాత్రం మార్చితే సరిపోతుంది. ఇన్ని చేతులు మారే యంత్రం ఏడాదికి ఎన్నిసార్లు కింద పడుతుందో, దగ్గరలో బాగుచేసేవారు ఉన్నారో లేదో, కొనేవారు ఎండ లెక్కతోపాటు అదీ వేసుకోవాలి.