ఫ్లెక్సీ కట్టేది మనం.. టికెట్ మాత్రం వాళ్లింట్లకే!

నాకు అప్పుడు ఇరవై మూడేండ్లు. మా లీడర్ పుట్టినరోజని దోస్తులందరం పైసలేసుకొని ఐదు లీటర్ల పాలు కొన్నం. బస్టాండ్ కాడ ఆయన ఫ్లెక్సీకి పాలాభిషేకం చేసినం. సంబురంగ ఇంటికొస్తే అమ్మ వాకిట్లనే ఆపింది. "చాయ్‌ల పోద్దామంటే చుక్క పాలు లేవు. నువ్వేమో బొమ్మ మీద పోసొస్తివా బిడ్డా?" అన్నది. నాకు మస్తు కోపమొచ్చింది. అమ్మకు రాజకీయం తెల్వదనుకున్న.

కొన్నేండ్లకు ఎలక్షన్లొచ్చినయి. మా మండలంల పదిహేనేండ్ల సంది జెండా మోసిన ఓ అన్న టికెట్ అడిగిండు. రేషన్ కార్డు కాడి నుంచి పోలీస్ స్టేషన్ దాకా ఎవలకు ఏ కష్టమొచ్చినా ముందుండేటోడు. టికెట్ లీడర్ కొడుక్కొచ్చింది. ఆ పిలగానికి మా మండలంల ఎన్ని ఊర్లున్నయో సుత తెల్వది. ఆయనను ఎంబడిపెట్టుకొని ఊర్లు చూపెట్టే పని మా అన్నకు ఒప్పజెప్పిన్రు. నేను గూడ ఆ బండెనుక తిరిగిన. అప్పుడు యాదికొచ్చింది అమ్మ మాట.

ఇది ఒక్క పార్టీ ముచ్చట గాదు. "జనం పిచ్చోళ్లు, అందుకే వారసులు గెలుస్తరు" అని పట్నంల కూసున్నోళ్లు అంటరు. నేను ఒప్పుకోను. దీనెనుక ఓ లెక్క ఉన్నది. అది మనకు ఎరుక గావాలె.

పేరే పెట్టుబడి

కొత్తగ నిలబడెటోడు తన పేరు, తన గుర్తు ఇంటింటికీ తిరిగి చెప్పుకోవాలె. దానికి ఏండ్లు పడ్తది, పైసలు పడ్తయి. వారసునికి ఆ తిప్పలు లేవు. తండ్రి చేసిన మేలు కొడుకు ఖాతాల పడ్తది. తండ్రి చేసిన తప్పు మాత్రం "అది నాయన కాలం ముచ్చట" అయితది.

రెండోది చుట్టున్నోళ్ల లెక్క. పార్టీల పది మంది పెద్ద లీడర్లుంటే ఒకలంటే ఒకలకు పడది. అండ్ల ఒకలు పైకొస్తే తొమ్మిది మంది అలుగుతరు. అదే పెద్దాయన ఇంట్లోళ్లయితే ఎవలూ ఓడినట్టు గాదు. అందుకే "వారసులే రావాలె" అని చాలాసార్లు ముందుగాల అరిచేది చుట్టున్నోళ్లే. 1959ల శ్రీలంక ప్రధాని బండారనాయకేను కాల్చి చంపిన్రు. పార్టీ ఆయన భార్య సిరిమావోను ముందట పెట్టుకున్నది. 1960 జులైల ఆమె ప్రపంచంలనే తొలి మహిళా ప్రధాని అయ్యింది. 1994ల బిడ్డ చంద్రిక అధ్యక్షురాలైతే, తల్లి మళ్లా ప్రధాని అయ్యింది.

మూడోది అసలు సంగతి. బీ-ఫారం ఎవల చేతుల ఉంటది? మన పార్టీలు 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం కింద ఎలక్షన్ కమిషన్ కాడ రిజిస్టర్ అయితయి. గానీ క్యాండిడేట్ ఎవలో కార్యకర్తలు ఓటేసి తేల్చాలని ఆ చట్టంల యాడా లేదు. జర్మనీల అయితే పార్టీ లోపట సుత ప్రజాస్వామ్యం ఉండాలని 1949 రాజ్యాంగంలనే రాసుకున్నరు. మన దగ్గర 1985ల పార్టీ ఫిరాయింపుల చట్టం తెచ్చిన్రు. గోడ దుంకుడు ఆపాలనే తెచ్చిన్రు. గోడ దుంకుడు ఆగలే. విప్‌కు ఎదురు ఓటేస్తే పదవి పోతదని ఎమ్మెల్యే నోరు మాత్రం బందయింది.

"డాక్టర్ కొడుకు డాక్టర్ అయితలేడా?" అని అడుగుతరు. అయితడు. గానీ నీట్ రాసి, ఏండ్లకేండ్లు చదివి పాసైతేనే అయితడు. లీడర్ బిడ్డలు రాజకీయంలకు రావద్దని నేను చెప్తలేను. వార్డు మెంబరు కాడి నుంచి రమ్మను. పార్టీ ఏమన్న పట్టా భూమా, విరాసత్ చేసుకునేటందుకు?

చట్టం చేసేది ఎవలు?

చట్టం తెస్తే సాలదా అంటే, ఫిలిప్పీన్స్ ముచ్చట ఇనుండ్రి. 1986ల జనం రోడ్ల మీదికొచ్చి నియంత మార్కోస్‌ను దేశం ఇడిసిపెట్టి పోయేటట్టు చేసిన్రు. 1987ల కొత్త రాజ్యాంగంల కుటుంబ పాలన వద్దని రాసుకున్నరు. కాకుంటే కుటుంబ పాలన అంటే ఏందో పార్లమెంటు చట్టం చేసి చెప్పాలన్నరు. ఆ పార్లమెంటుల కూసున్నోళ్లు శానామంది ఆ కుటుంబాలోళ్లే. మరి చట్టమెట్ల అయితది? 2022ల మార్కోస్ కొడుకే అధ్యక్షుడైండు.

మనకైతే అంబేద్కర్ ముందుగాలనే చెప్పిండు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభల మాట్లాడుకుంట, దేశానికి సేవ చేసినోళ్లకు కృతజ్ఞత చూపుడుల తప్పులేదు గానీ దానికో హద్దుండాలన్నడు. మతంల భక్తి ముక్తికి తొవ్వ కావచ్చు, రాజకీయంల భక్తి నియంతృత్వానికే తొవ్వ అని హెచ్చరించిండు. ఇయ్యాల ఆయన ఫొటోనే పైన పెట్టి, కింద మన లీడర్‌ను దేవుని లెక్క గీపిస్తున్నం.

జనం ఓడగొట్టలేదా?

ఓడగొట్టిన్రు. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే, 1983ల ముఖ్యమంత్రి అయిన ఎన్టీఆర్ అంతటోన్ని 1989ల మన పాలమూరు బిడ్డలు కల్వకుర్తిల ఓడగొట్టిన్రు. దుబ్బాకల ఎమ్మెల్యే చనిపోతే 2020 ఉప ఎన్నికల ఆయన భార్యకు టికెట్ ఇచ్చిన్రు, ఓడిపోయింది. ఆర్నెల్లు తిరగకముందే నాగార్జునసాగర్‌ల అదే పార్టీ, చనిపోయిన ఎమ్మెల్యే కొడుక్కు ఇచ్చింది, గెలిచిండు. అంటే సానుభూతి ఉంటది గానీ ఓటు గ్యారెంటీ లేదు.

శ్రీలంకల రాజపక్స కుటుంబం చూడుండ్రి. తమ్ముడు గోటబయ అధ్యక్షుడు, అన్న మహింద ప్రధాని, ఇంకో తమ్ముడు బాసిల్ ఆర్థిక మంత్రి. 2022ల ఆ దేశం అప్పు కట్టలేక చేతులెత్తేసింది. పెట్రోల్ లేదు, గ్యాస్ లేదు. జులైల జనం అధ్యక్ష భవనంలకు చొచ్చుకపోతే గోటబయ దేశం దాటిండు. 2024 ఎన్నికల్ల మహింద కొడుకు నమల్ నిలబడితే 3 శాతం ఓట్లు సుత రాలే. గానీ అంత దూరం పోయినంక కండ్లు తెరిస్తే, మునిగింది ఎవలు? లైన్ల నిలబడ్డ జనమే.

మన నిజామాబాద్ సంగతి నాకు ఇంకా పెద్ద పాఠం. 2019 లోక్‌సభ ఎన్నికల్ల అక్కడ 185 మంది పోటీ చేసిన్రు. అండ్ల శానామంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ముఖ్యమంత్రి బిడ్డ ఓడిపోయింది. గెలిచిందెవలు? పీసీసీ అధ్యక్షుడిగ చేసిన లీడర్ కొడుకు. ఒక ఇంటిని కాదంటే ఇంకో ఇల్లొచ్చింది. కాకపోతే ఒక్కటి మారింది. రైతులు ముఖం జూడలే, పసుపు బోర్డు ఏమాయె అని అడిగిన్రు. గెలిచినోడు సుత ఆ ప్రశ్న తప్పించుకోలేకపోయిండు. 2025 జనవరిల నిజామాబాద్ కేంద్రంగ పసుపు బోర్డు షురువైంది. ఆ నామినేషన్లతోనే వచ్చిందని నేను చెప్ప. గానీ అడిగింది పసుపు రైతులు, ఆరేండ్లయినా మర్వకుండ అడిగిన్రు.

మనమేం చేయాలె?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ.. లీడర్‌ను ఇష్టపడొద్దని చెప్తలేను. మీకు మీరే ఒక్క పరీక్ష పెట్టుకోండ్రి. మీ లీడర్ చేసిన ఒక్క తప్పును మీ పార్టీ దోస్తుల ముందట చెప్పగల్గుతరా? చెప్పగల్గితే అది అభిమానం. భయమైతే అది భక్తి.

ఇది మనింటి కాడి నుంచే మొదలు గావాలె. మహిళా సర్పంచ్ కుర్సీల ఆమె మొగడు కూసుంటే మనం నవ్వి ఊకుంటున్నం. అది సుత కుటుంబ పాలనే. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టంల ఉన్నది. పోయి కూసోండ్రి. మోరీకి, బడికి ఎంతొచ్చింది, ఎంత ఖర్చయిందని అడగండ్రి. సర్పంచ్ పోటీకి 21 ఏండ్లు నిండితే సాలు. మీ ఊర్ల పనిచేసే పిలగాడో, ఆడపిల్లో ఉంటే ఎనుక నిలబడండ్రి.

మా అన్న ఇంకా ఆ పార్టీలనే ఉన్నడు. మొన్న కలిస్తే లీడర్ మన్మని పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టిస్తున్నడు. ఆ పిలగానికి ఎనిమిదేండ్లు.